డాలరున్నర సీటు

ఆగస్టా ప్రూయిట్ మా క్లే బెండ్‌లో రైలు దిగిన రోజు తనెవరో ఎవరికీ చెప్పలేదు. పెట్టె స్టేషన్లో అప్పగించి, గొడుగు చంకన పెట్టుకుని, కాళ్ళకి బలపాలు కట్టుకున్నట్టు ఊరంతా తిరిగింది. చెప్పుల కొట్టు అద్దాల ముందు నిలబడి ఆడవాళ్ళ బూట్ల ధరలు చదివింది. మందుల షాపులో ఐస్‌క్రీమ్ సోడా తాగుతూ, శనివారం సాయంత్రం ఇక్కడ నిలబడటానికి చోటుంటుందా అని అడిగింది. ఆఖరి ట్రాము ఎప్పుడు పోతుంది, చర్చికి ఎవరెవరు కార్లలో వస్తారు, పింగాణీ ఫ్యాక్టరీలో జీతాలు ఏ రోజు ఇస్తారు, అన్నీ కావాలి ఆవిడకి. మధ్యాహ్నానికల్లా ఊళ్ళో పుకారు లేచింది, పన్నులవాళ్ళు ఇప్పుడు ఆడవాళ్ళని కూడా పంపుతున్నారని.

పాపం, ఆవిడ వచ్చింది సినిమా పని మీద. అది పందొమ్మిది వందల పదహారు. తెర మీది మనుషులకి ఇంకా నోరు రాలేదు. చిన్నాచితకా బొమ్మలు పది సెంట్ల హాళ్ళలో ఇవాళ వచ్చి రేపు పోయేవి. పెద్ద బొమ్మ సంగతి వేరు. అది నాటకాల కంపెనీ లాగా సొంత ఆపరేటర్లతో, సొంత వాద్యగాళ్ళతో, తెర వెనక ఉరుములూ తుపాన్లూ మోగించే మనుషులతో సహా రైల్లో దిగేది. అంత మందీమార్బలం దిగేముందు ఎవరో ఒకరు ముందుగా వచ్చి, ఈ ఊళ్ళో బొమ్మ ఎక్కడ వేయాలి, టిక్కెట్టు ఎంత పెట్టాలి అని తేల్చాలి. ఆ లెక్క తప్పితే వాద్యగాళ్ళ జీతాలన్నీ కంపెనీ నెత్తినపడతాయి.

పిట్స్‌బర్గ్ కంపెనీకి ఒహాయో నది వెంట ఊళ్ళలో ఆ పని చేసింది ఆగస్టా మొగుడు నెడ్. నెడ్ ఊపిరితిత్తుల జబ్బుతో మంచాన పడితే, ఆగస్టాయే ఊళ్ళు తిరిగి, అతని పేరు మీద కబుర్లు పంపుతూ సంసారం నడిపింది. నెడ్ పోయాక గుట్టు బయటపడింది. బ్రాంచి మేనేజరు లియోపోల్డ్ స్ట్రాస్నర్ ఆవిడని పిలిపించి కోప్పడ్డాడు.

"ఆడమనిషివి, ఊళ్ళ వెంట తిరగడమేంటి?"

"ఇన్నాళ్ళూ తిరిగింది ఎవరనుకున్నారండీ? మీరు మెచ్చుకుంటూ టెలిగ్రాములు ఇచ్చింది ఎవరికి?"

స్ట్రాస్నర్ నది ఊళ్ళ పటం ముందుకి లాక్కున్నాడు. చివరికి ఒక్క ఊరు ఇచ్చాడు. "క్లే బెండ్‌లో మన కొత్త ఓడ బొమ్మని వారం నిలబెట్టు. నిలబడితే నది ఊళ్ళన్నీ నీవే. పడిపోయిందా, ఆఫీసులో టైపు మిషను ముందు కూర్చోవాలి. మళ్ళీ ఈ మాట ఎత్తకూడదు."

ఆ టైపు మిషను తలుచుకుంటేనే ఆగస్టాకి ఊపిరాడేది కాదు. ఆవిడ నాటకాలవాళ్ళ బిడ్డ. వేషాల పెట్టెల మీద పడుకుని, రైలు పెట్టెల్లో లెక్కలు నేర్చుకుని పెరిగింది. రోజూ ఒకే కిటికీలోంచి ఒకే గోడ చూస్తూ బతకడం ఆవిడ వల్ల అయ్యే పని కాదు. అందుకే ఈ ఊళ్ళో గెలిచి తీరాలని పళ్ళ బిగువున వచ్చింది.

మా ఊళ్ళో బొమ్మ వేయడానికి రెండు చోట్లున్నాయి. మార్కెట్ వీధిలో గ్రీకువాడు నికోలస్ కరాస్ నడిపే సినిమా హాలు ఒకటి, నది ఒడ్డున నాటకశాల ఒకటి. ఆగస్టా ముందు కరాస్ దగ్గరికే వెళ్ళింది.

"నా హాలుకేం తక్కువమ్మా?" అన్నాడు కరాస్, ఆవిడకి కాఫీ పోస్తూ. "కొత్త తెర, కొత్త కుర్చీలు. పియానో వాయించే పిల్ల బంగారం."

"మీ హాలుకి వంక పెట్టడానికేం లేదండీ. కానీ మీ గుమ్మంలో పది సెంట్లిచ్చి లోపలికెళ్ళే మనిషిని డాలరడిగితే ఏమంటాడు?"

"నా ఏడు తరాలనీ తిడతాడు."

"మరదే!"

కరాస్ పగలబడి నవ్వాడు. "సరే తల్లీ. మీ డాబూ దర్పం అయిపోయాక, పాతబడ్డ బొమ్మయినా నాకే ఇవ్వాలి. నేను పాతిక సెంట్లకి వేసుకుంటా." అలాగే అని ఆవిడ మాటిచ్చింది.

నాటకశాల మేనేజరు ఆర్విల్ టాన్సీ. వాళ్ళ నాన్న కట్టించిన భవనం అది. ముందు రాతి స్తంభాలు, లోపల పాలరాతి నేల, ఎర్ర మఖమలు కుర్చీలు. మఖమలుకి చిమ్మటలు పట్టి చాలా కాలమైంది. నాటకాల కంపెనీలు రావడం తగ్గిపోయి, టాన్సీ పగలంతా ఆ కుర్చీల్లో ఒకదాంట్లో కునుకు తీస్తుండేవాడు. అయినా సరే, ఆ గుమ్మంలోకి రాగానే మగాడు తనంతట తనే టోపీ తీసేస్తాడు. ఆగస్టాకి కావాల్సిందదే. అలాంటి గుమ్మం దగ్గర డాలరేమిటి, డాలరున్నర అడిగినా మనిషి జేబు తడుముకుంటాడు గానీ నోరు చేసుకోడు.

ఇద్దరూ సీట్ల పటం పరిచి ధరలు వేశారు. ముందు వరసలు డాలరున్నర. మధ్య వరసలు డాలరు. వెనక ముప్పాతిక డాలరు. బాల్కనీలో చెక్క బెంచీలు యాభై సెంట్లు. బాల్కనీకి దారి పక్క సందులోంచి, ఇనప మెట్ల మీదుగా.

"ముందు వరసంటే ముందు వరసేనండీ!" అన్నాడు టాన్సీ, కళ్ళు మూసుకుని పాత రోజులు తలుచుకుంటూ. "హీరోయిన్ ఏడిస్తే కన్నీటి చుక్క కనపడాలి!"

"మా నాన్న కూడా అదే అనేవారు," అంది ఆగస్టా.

చూశారా, తప్పు అక్కడే జరిగిపోయింది. నాటకాల గాలి పీల్చి పెరిగినవాళ్ళు తప్ప ఇంకెవరూ చేయలేని తప్పది. కరాస్ దగ్గర నేల తుడిచే ముసలామెని అడిగినా చెప్పేది, తెరకి ఆనుకుని కూర్చుంటే ఏమవుతుందో. వీళ్ళిద్దరికీ తట్టలేదు. స్ట్రాస్నర్ కూడా పాత నాటకాల మనిషే, పోస్టులో వచ్చిన పటం చూసి భేష్ అన్నాడు.

కంపెనీ రైల్లో దిగాక, సోమవారం మధ్యాహ్నం మొదటి ఆటకి ముందు వరసలు నిండిపోయాయి. పింగాణీ ఫ్యాక్టరీ యజమాని భార్య మిసెస్ లుక్రీషియా హార్క్‌నెస్, ఆవిడ వెనక బ్యాంకువాళ్ళూ డాక్టర్లూ వకీళ్ళ భార్యలూ, అందరూ ఈకల టోపీలు తీసి ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు. పైన బాల్కనీలో రాత్రి పనికి వెళ్ళే ఫ్యాక్టరీ జనం. ఆగస్టా వెనక గోడకి ఆనుకుని నిలబడి సంబరపడింది. దీపాలు ఆరాయి. వాద్యాలు ఎత్తుకున్నాయి. తెర మీద ఓడ రేవు వదిలింది.

కాసేపటికి ముందు వరసల్లో తలలు కదలడం మొదలైంది. ఒకరు వెనక్కి వాలారు. ఒకరు మెడ పట్టుకున్నారు. మిసెస్ హార్క్‌నెస్ గారి ఆయన దాదాపు పడుకున్నట్టే కూర్చుని పైకి చూస్తున్నాడు. తుపాను రాగానే, వాద్యగాడు పెద్ద డప్పు మీద విరుచుకుపడ్డాడు. ఆ డప్పుకీ మొదటి వరసకీ మధ్య జానెడు చోటు లేదు. విరామంలో లేచి వెళ్ళిన ముందు వరసలవాళ్ళు మళ్ళీ లోపలికి రాలేదు.

మిసెస్ హార్క్‌నెస్ మాత్రం ఊరికే పోలేదు. వరండాలో ఆగస్టాని పట్టుకుంది. "ఓడ బొమ్మ అన్నారు. నాకు ఓడ కనపడలేదు మిసెస్ ప్రూయిట్. ఆ హీరోయిన్ ముక్కు రంధ్రాలు కనపడ్డాయి. అవి చూడటానికి డాలరున్నర ఎక్కువే అనిపించింది నాకు!"

"క్షమించండి మేడమ్, వేరే సీటు..."

"మా ఆయన మెడ సవరించి పంపండి చాలు."

సాయంత్రానికల్లా ఊరంతా గుప్పుమంది. మంగలి షాపు ముందు ఒక బోర్డు వేలాడింది, ఇక్కడ మెడ ఊరికే విరవబడును, డాలరున్నర అక్కర్లేదు అని. మా వాళ్ళకి నవ్వడానికి ఇంతకంటే ఏం కావాలి? మంగళవారం కింద వరసలు వెలవెలబోయాయి. పైన బెంచీలు మాత్రం కిక్కిరిశాయి. యాభై సెంట్ల బెంచీలు ఎంత నిండితే మాత్రం వాద్యగాళ్ళ కడుపు నిండుతుందా?

పిట్స్‌బర్గ్ నుంచి ఫోను వచ్చింది. స్ట్రాస్నర్ గొంతు తీగలోంచి వేడిగా వచ్చింది. "మూట కట్టు. రేపటి నుంచి ఆ గ్రీకువాడి హాల్లో పాతిక సెంట్లకి వేసెయ్యి. వచ్చినంత వస్తుంది."

"పాతిక సెంట్లకి ఒకసారి దిగామా, నది ఊళ్ళన్నీ పాతికే ఇస్తామంటాయండీ. వారమన్నారు, వారం కానివ్వండి."

"ఏం చేస్తావు వారంలో? మెడలకి నూనె రాస్తావా?"

"శుక్రవారం దాకా చూడండి. అప్పటికీ నిలబడకపోతే మీరు చెప్పినట్టే వింటాను."

 ఫోను పెట్టేశాక ఆగస్టా కళ్ళలో నీళ్ళు తిరిగాయి, దాచడమెందుకు. కోపంతో కొన్ని, భయంతో కొన్ని. సాయంత్రం ఆట వేళకి ముఖం కడుక్కుని, గొడుగు తీసుకుని, పక్క సందులోకి నడిచి ఇనప మెట్లెక్కింది. ఆ మెట్లు సన్నగా, తుప్పు పట్టి, వానకి జారుతూ ఉంటాయి. సగంలో ఆవిడ బూటు జారి మోకాలు కొట్టుకుంది.

బాల్కనీ ముందు బెంచీలో ఒక చివర కాస్త చోటుంటే ఇరుక్కుని కూర్చుంది. పక్కనున్నావిడ కెజయా బ్లూర్. ఫ్యాక్టరీలో పళ్ళాల అంచులకి బంగారు రంగు గీత వేసే ఆడవాళ్ళకి పెద్దదిక్కు ఆవిడే. నోరు పెట్టిందంటే ఫోర్‌మన్ కూడా పక్కకి తప్పుకుంటాడు. ఆగస్టాని ఎగాదిగా చూసింది.

"టిక్కెట్ల దొరసానిగారు కదూ? కింద అంత ఖాళీ ఉంటే పైకొచ్చారేం? మెడ పట్టేసిందా తల్లీ?"

వెనక బెంచీలో ఆడవాళ్ళు కిసుక్కున నవ్వారు. ఆగస్టా మోకాలు రుద్దుకుంటూ తల ఎత్తింది. తెర వైపు చూస్తూ ఉండిపోయింది. ఇన్ని ఊళ్ళు తిరిగి, ఇన్ని బొమ్మలకి ధర కట్టి, ఒక్క బొమ్మని కూడా బాల్కనీలోంచి చూసి ఎరగదు ఆవిడ! ఓడ మొత్తం కనపడుతోంది. కెరటం ఎక్కడ లేచి ఎక్కడ విరుగుతుందో కనపడుతోంది. ఓడ అంచున నిలబడ్డ మనిషీ, దూరాన వస్తున్న చీకటీ, రెండూ ఒకేసారి కళ్ళకి అందుతున్నాయి. వాద్యాలు కింద నుంచి మెత్తగా కలిసి వస్తున్నాయి. డప్పు కూడా ఇక్కడికి సముద్రం మోతలాగే వినపడుతోంది.

ఆవిడకి తల తీసేసినట్టయింది. నాటకంలో మనిషి గుసగుస చెవిని పడాలంటే దగ్గర కూర్చోవాలి. తెరకి గుసగుసెక్కడిది? కన్నీటి చుక్క గది తలుపంత పెద్దదిగా పడుతుంది, దానికి దగ్గరేమిటి! నేను సినిమాకి కాదు, మా నాన్న నాటకానికి ధర కట్టాను అనుకుంది. ఊళ్ళో చెప్పుల ధరలన్నీ చదివింది గానీ, తను అమ్మే సీట్లో తను ఒక్కసారి కూర్చోలేదు.

కెజయా తెర మీంచి కళ్ళు తిప్పకుండానే అడిగింది. "ఇప్పుడు ఈ బెంచీ ఖరీదు పెంచుతారు కదూ?"

అబద్ధం చెప్పొచ్చు. ఆగస్టా చెప్పలేదు. "పెంచుతాను."

"మరి మమ్మల్నెక్కడ కూర్చోబెడతారు? ఆ డప్పు పక్కనా? మావి మెడలు కావా?"

"అక్కడ ఎవరినీ కూర్చోబెట్టను."

"చూస్తాం లెండి," అంది కెజయా, నమ్మకం లేకుండా.

ఆట అయిపోగానే ఆగస్టా టాన్సీని నిద్రలేపింది. "కింద ముందు వరసల కుర్చీలు ఊడదీయాలి. మోసి బాల్కనీ ముందు భాగంలో బిగించాలి. ఇకనుంచి డాలరున్నర అక్కడ. వెనక బెంచీలు యాభై సెంట్లకే ఉంటాయి. కింద ఆఖరి వరసలు కూడా యాభై."

టాన్సీ నోరు వెళ్ళబెట్టాడు. "పైనా? డాలరున్నరా? మిసెస్ హార్క్‌నెస్ గారు సందులోంచి ఇనప మెట్లెక్కి వస్తారా? మీకు మతి పోయిందా?"

"సందులోంచి ఎందుకు? వరండాలో ఆ పెద్ద తలుపు ఎక్కడికి?"

టాన్సీ ముఖం పాలిపోయింది. వరండాలో ఎడమ పక్క పెద్ద ఓక్ తలుపు ఉంది. దాని వెనక బాల్కనీకి లోపలి మెట్లున్నాయి. వెడల్పాటి మెట్లు, ఎర్ర తివాచీ, ఇత్తడి కమ్మీ. టాన్సీ నాన్న ముచ్చటపడి కట్టించాడు గానీ, మొదటి ఏడాదే ఫ్యాక్టరీ జనం మట్టి బూట్లతో వరండాలో కలుస్తున్నారని పెద్దింటివాళ్ళు గోల చేస్తే, దానికి తాళం వేసి సందులో ఇనప మెట్లు పెట్టించాడు. అప్పట్నుంచీ ఆ తలుపు తెరవలేదు.

"మా నాన్న వేసిన తాళమండీ అది."

"మీ నాన్న మళ్ళీ వచ్చి మీ అప్పులు తీరుస్తారా? తీయండి తాళం!"

టాన్సీ బతిమాలాడు, అలిగాడు, చివరికి ఒక షరతు పెట్టాడు. లోపలి మెట్లు డాలరున్నర టిక్కెట్టుకే. బెంచీలవాళ్ళు ఎప్పటిలా సందులోంచే రావాలి. ఆగస్టా ఒప్పుకుంది. ఆవిడేం ఊరిని ఉద్ధరించడానికి రాలేదు. ఆ మెట్ల మీద మిసెస్ హార్క్‌నెస్ ఈకల టోపీతో ఎక్కుతుంటే చూసి మిగతావాళ్ళు ఎగబడాలి, అంతే ఆవిడ ఆలోచన.

బుధవారం పొద్దున్న వడ్రంగులు చాలక వాద్యగాళ్ళు కూడా చొక్కాలు మడిచి కుర్చీలు మోశారు. ఆగస్టా తివాచీ దులిపి, ఇత్తడి కమ్మీని తన చేత్తో తోమింది. కొత్త ధరల బోర్డు గుమ్మంలో పెట్టింది. పెట్టాక చూస్తే ఏముంది, ఊరు ఇంకా నవ్వింది.

"మొన్న మెడ విరిచారు, ఇవాళ కాకుల్లా పైన కూర్చోమంటున్నారు!" అన్నారట హార్క్‌నెస్‌గారింట్లో టీ తాగుతూ. పైన కూర్చోవడమంటే ఫ్యాక్టరీవాళ్ళ సరసన కూర్చోవడమే. చచ్చినా కూర్చునేది లేదన్నారు. ఆ రోజు డాలరు సీట్లు కాసిని పోయాయి. బెంచీలు నిండాయి. డాలరున్నర సీటు ఒక్కటి అమ్ముడుపోలేదు. మధ్యాహ్నం ఆటలోనూ సాయంత్రం ఆటలోనూ మెట్ల పక్క నిలబడి, ఖాళీ తివాచీకి కాపలా కాసింది ఆగస్టా. టాన్సీ ధర తగ్గించమన్నాడు. ఆవిడ తల అడ్డంగా ఊపింది. తగ్గిస్తే తప్పు ఒప్పుకున్నట్టే. ఈసారి ధరలో తప్పు లేదు, ఆ సంగతి ఇనప మెట్ల మీద కొట్టుకున్న ఆవిడ మోకాలికి కూడా తెలుసు.

గురువారం పొద్దున్న టిక్కెట్ల కిటికీ తెరవగానే కెజయా బ్లూర్ వచ్చి నిలబడింది. వెనక రంగు మరకల ఏప్రన్లతో మరో నలుగురు ఆడవాళ్ళు.

"శుక్రవారం మాకు ఒంటిపూట," అంది కెజయా. "మధ్యాహ్నం ఆటకి మా గీతలవాళ్ళందరం వస్తున్నాం. బాల్కనీలో మొదటి వరస మొత్తం ఇవ్వండి."

ఆగస్టాకి అర్థం కాలేదు. "మొదటి వరస డాలరున్నర అమ్మా. బెంచీలు ఇంకా యాభైయే."

"చదువొచ్చు మాకు. బోర్డు చూశాం." కెజయా చేతిరుమాలు విప్పి డబ్బు కిటికీలో పోసింది. అది ఒక్కొక్కరికీ ఒకరోజు కూలి. "ఆ పెద్ద తలుపులోంచే కదా పంపిస్తారు?"

"ఆ తలుపులోంచే."

"తివాచీ మీదనే?"

"తివాచీ మీదనే."

"అయితే ఇవ్వండి."

ఆగస్టా టిక్కెట్లు చించి ఇచ్చింది. ఇస్తూ కిటికీలోంచి మెట్ల తివాచీ వైపు చూసింది. ఇది హార్క్‌నెస్‌లకి పరిచిన తివాచీ. పరిచినప్పుడు వీళ్ళు ఆవిడ ఊహలోనే లేరు.

ఇక చూసుకోండి! గీతలవాళ్ళు డాలరున్నర పెట్టి మొదటి వరస కొన్నారన్న మాట సాయంత్రానికి ప్రతి వంటింట్లోనూ ఉడికింది. మా పెద్దింటివాళ్ళు ఏదైనా భరిస్తారు గానీ, తమ ఫ్యాక్టరీ మనుషులు తివాచీ మీద పైకెళుతుంటే తాము కింద చవక సీట్లో కూర్చోవడం భరించగలరా? శుక్రవారం పొద్దున్నే డాక్టరుగారింటి నుంచి మనిషి వచ్చాడు, బ్యాంకు నుంచి మనిషి వచ్చాడు. రెండో వరస పోయింది, మూడోది సగం పోయింది. బొమ్మ బాగుందని కాదు, ఓడ మీద ప్రేమతో అంతకంటే కాదు.

మధ్యాహ్నం రైల్లో స్ట్రాస్నర్ దిగాడు, మూట తనే కట్టించాలని. నాటకశాల మెట్ల మీద జనాన్ని చూసి ఆగిపోయాడు. లోపలికొచ్చేసరికి మిసెస్ హార్క్‌నెస్ కిటికీ ముందు నిలబడి ఉంది.

"మొదటి వరసలో నాలుగు సీట్లు," అంటోంది.

"అవి అయిపోయాయి మేడమ్. మూడో వరసలో ఉన్నాయి. అక్కడి నుంచీ బాగా కనపడుతుంది."

"ఎవరికి అయిపోయాయో నాకు తెలుసు. మా దగ్గర పనిచేసేవాళ్ళు. వాళ్ళని వెనక్కి జరపండి, ఏమీ అనుకోరు."

"అనుకుంటారండీ."

మిసెస్ హార్క్‌నెస్ చుట్టూ చూసి స్ట్రాస్నర్‌ని పోల్చుకుంది. పెద్దమనిషి బట్టలు చూస్తే ఎవరు ఎవరో తెలిసిపోతుంది కదా. "మీరేనా ఈవిడ పైవారు? మీ మనిషి నన్ను మూడో వరసలో కూర్చోమంటోంది."

స్ట్రాస్నర్ టోపీ తీసి నవ్వాడు. ఆగస్టా వైపు తిరిగి గొంతు తగ్గించాడు. "నాలుగు సీట్లే. మార్చెయ్యి. ఈవిడ వెనక ఊరంతా వస్తుంది."

"ఊరంతా వాళ్ళ వెనక వచ్చిందండీ. అమ్మిన సీటు అమ్మినట్టే."

"ఆగస్టా, టైపు మిషను గుర్తుందా నీకు?"

గుర్తుంది. గుర్తు లేకపోవడమేమిటి, ఆ టకటక అప్పుడే చెవుల్లో మోగుతోంది. భయమేసింది కూడా. అయినా కిటికీలోంచి చెయ్యి కదల్లేదు. "వాళ్ళు ముందొచ్చారు. ముందు డబ్బిచ్చారు. బోర్డు మీద ఎంతుందో అంతే ఇచ్చారు. ఆ సీటు వెనక్కి లాక్కుంటే రేపు నా బోర్డు ఏ ఊళ్ళో ఎవరు నమ్ముతారు? కావాలంటే నన్ను తీసేయండి. సీట్లు మాత్రం మార్చను."

కొంచెం గట్టిగానే అంది. వరసలో ఉన్నవాళ్ళంతా విన్నారు. మిసెస్ హార్క్‌నెస్ ముఖం ఎర్రబడింది. వెనక డాక్టరుగారి భార్య టిక్కెట్లు చేత్తో పట్టుకుని, ఈవిడ ఏం చేస్తుందా అని గుడ్లప్పగించి చూస్తోంది. ఇప్పుడు వెనక్కి తిరిగి పోతే అందరి ముందూ పోవాలి. ఆవిడ పర్సు తెరిచింది.

"మూడో వరసే ఇవ్వండి," అంది, పళ్ళ మధ్య నుంచి.

స్ట్రాస్నర్ ఆవిడ వెళ్ళేదాకా ఆగాడు. వీధిలోకి పాకిన వరసని చూశాడు, ఆగస్టాని చూశాడు. గడ్డం గోక్కున్నాడు. "నది ఊళ్ళు తీసుకో. కానీ నెడ్‌కిచ్చిన జీతం మాత్రం అడగొద్దు."

"అడుగుతాను," అంది ఆగస్టా, తర్వాతి మనిషికి టిక్కెట్టు చించుతూ.

అప్పుడొచ్చారు గీతలవాళ్ళు. ఏప్రన్లు లేవు. ఆదివారపు బట్టలు, ఇస్త్రీ చేసిన కాలర్లు. గుమ్మంలో గోనెపట్టా మీద బూట్లు తుడుచుకున్నారు, మళ్ళీ తుడుచుకున్నారు. అంతసేపు తుడుచుకోనక్కర్లేదని చెప్పాలనిపించింది ఆగస్టాకి. టాన్సీ తలుపు తెరిచి పట్టుకున్నాడు. రోజూ పగలబడి నవ్వే ఆ ఆడవాళ్ళు ఒక్కరూ మాట్లాడలేదు. ఇత్తడి కమ్మీ మీద చెయ్యి వేసి, ఒకరి వెనక ఒకరు, నెమ్మదిగా ఎక్కి పైకి వెళ్ళిపోయారు.

లోపల దీపాలు ఆరాయి. వాద్యాలు మొదలయ్యాయి. ఆగస్టా కిటికీ మూసి వచ్చేసరికి, కెజయా బ్లూర్ మెట్లు దిగి వస్తోంది.

"ఏమైందమ్మా? సీటు బాగా లేదా?"

"బాగుంది." కెజయా కింది మెట్టు దాకా దిగి, వెనక్కి తిరిగి, గౌను కాస్త ఎత్తి పట్టుకుని మళ్ళీ ఎక్కడం మొదలుపెట్టింది.

"బొమ్మ మొదలైపోయింది, త్వరగా వెళ్ళండి!"

"బొమ్మ మొన్న యాభై సెంట్లకి చూశాగా," అంది కెజయా, తిరిగి చూడకుండా. "ఇవాళ మెట్లకిచ్చాను డబ్బు. నన్ను నెమ్మదిగా ఎక్కనివ్వండి."